ఆగకూడని చుక్క

బోల్టు ఉదయం తొమ్మిదింటికి విరిగింది. అమ్మాయి ఇంటి మెట్టు దిగుతూ ఎడమ కాలి మీద బరువు వేసేసరికి మోకాలి దగ్గర టక్కుమని చప్పుడై, కృత్రిమ కాలు పక్కకి వాలిపోయింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది కాబట్టి దెబ్బ తగల్లేదు. పదింటికల్లా ఆమె తండ్రి ఆమెనీ, ఆమె చంకకర్రల్నీ, గుడ్డలో చుట్టిన ఆ కాలినీ బండిలో వేసుకుని తన అక్కాబావల ఇంటికి వచ్చి పడ్డాడు.

"బావా, కొంప మునిగింది!" అన్నాడు గుమ్మంలోనే.

బావ మూట విప్పి, మోకాలి కీలులోంచి విరిగిన రెండు ముక్కలూ తీసి, అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చిటికెన వేలంత లావు బోల్టు. మరలు మొదలయ్యే చోట గాడి దగ్గర తెగింది.

"కంపెనీవాళ్ళని అడిగితే పది రోజులన్నారు. మధ్యాహ్నం రెండింటికి ఇది బడిలో పాఠం చెప్పి చూపించాలి. టీచరు ఉద్యోగం బావా! కర్రలతో వెళ్దాం, పరిస్థితి చెబుదాం, వాళ్ళూ మనుషులే కదా అంటే వినదు."

"పోయినసారి కర్రలతోనే వెళ్ళాను మామయ్యా," అంది అమ్మాయి కుర్చీలో కూర్చుంటూ. "ఒక చేతిలో సుద్దముక్క, ఒక చేతిలో పుస్తకం. ఇంక కర్రలు ఎవరు పట్టుకుంటారు? సుద్ద కింద పడితే వంగి తీసుకోలేకపోయాను. అందరూ జాలిగా చూశారు. కబురు చేస్తామన్నారు. ఏడు నెలలైంది."

"బడి ఎంత దూరం?"

"అరగంట."

"అయితే ఒంటిగంటకి కాలు తొడుక్కోవాలి," అని ఆయన వెనక షెడ్డు వైపు నడిచాడు.

వీధిలో ఆయన్ని చుక్కల మేస్త్రి అంటారు. నిజానికి మేస్త్రి కాదు. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివిన ఉద్యోగి. నలభయ్యో ఏట, మూతపడుతున్న ఒక వర్క్‌షాపు నుంచి ఇనుప కడ్డీల్ని తిప్పుతూ చెక్కే పాత లేతు మిషను తుక్కు ధరకి కొని, నలుగురు కూలీలతో వెనక షెడ్డులోకి దొర్లించాడు. పని నేర్పడానికి గురువెవరూ లేరు. పాడైపోయిన ముక్కలే నేర్పాయి. ఆ ముక్కల్ని ఇప్పటికీ ఒక డబ్బాలో దాచాడు.

చుక్కల పేరు వెనక పెద్ద కథే ఉంది. లోహం కోసేటప్పుడు, తిరిగే కడ్డీకి ఆనే టూలు మొన మీద నూనె పడుతూ ఉండాలి. పెద్ద కార్ఖానాల్లో పంపు పోస్తుంది. ఇంట్లో పంపు పెడితే గోడలూ, నేలా, చొక్కా అన్నీ నూనెలో తేలతాయి. మొదట్లో కుంచెతో రాసేవాడు. కుంచె వెంట్రుకలు లోహపు పొట్టులో చిక్కుకుని, కుంచెతో పాటు వేళ్ళు కూడా లోపలికి పోబోయాయి. తర్వాత షాంపూ సీసా మూతకి బెజ్జం పెట్టి పిండాడు. అది ఒకసారి పిచికారీలా కొట్టేది, ఒకసారి మొండికేసేది. పాల డబ్బా అడుగున మేకుతో కన్నం పొడిచి, అందులో దీపపు వత్తి దూర్చి వేలాడదీస్తే నాలుగు రోజులు బాగానే నడిచింది. అయిదో రోజు వత్తి జారి డబ్బాడు నూనె ఒళ్ళో పడింది. స్పాంజి ముక్కని తీగకి కట్టి చూశాడు. కుట్టుమిషను నూనెకుప్పె కూడా చూశాడు. చూసిన ప్రతిదానికీ కనీసం ఒక చెయ్యి కావాలి. మరలు కోసేటప్పుడు మనిషికి ఉన్నవే రెండు చేతులు. ఆ రెండూ మిషను మీదే ఉండాలి.

చివరికి దారి చూపించింది పెళ్ళామే. ఆవిడ ప్రసూతి ఆసుపత్రిలో ముప్పయ్యొక్క ఏళ్ళు నర్సుగా చేసింది. ఒకరోజు భోజనానికి పిలవడానికి షెడ్డులోకి వచ్చి, ఆయన ఒళ్ళంతా నూనె చూసి, "ఈ మాత్రం దానికి ఇంత అవస్థా? మా పేషెంట్లకి రాత్రంతా చుక్క తప్పకుండా ఎక్కిస్తాం. ఏ చెయ్యీ పట్టుకోనక్కర్లేదు," అంది. మర్నాడు వాడని సెలైన్ గొట్టం ఒకటి తెచ్చి ఇచ్చింది.

ఆయన దాన్ని బల్ల మీద పరిచి వారం రోజులు తంటాలు పడ్డాడు. లోపలి జల్లెడలో చిక్కటి నూనె దిగలేదు, కోసి తీసేశాడు. ప్లాస్టిక్ సీసా అడుగు కోసి తలకిందులుగా కట్టాడు, పైనుంచి ఎప్పుడైనా నూనె పోసుకోవచ్చు. చివర సూది స్థానంలో పాత ఫ్రిజ్ నుంచి తీసిన సన్నటి రాగి గొట్టం బిగించాడు. దాన్ని ఎటు వంచితే అటే ఉంటుంది. పాడైన స్పీకర్ అయస్కాంతాన్ని అడుగున పెట్టి, విరిగిన గొడుగు కాడని స్తంభంగా నిలబెట్టాడు. గొట్టం మీద వేలితో తిప్పే చిన్న చక్రం ఉంది. పైకి తిప్పితే చుక్కలు వేగంగా పడతాయి, కిందికి తిప్పితే తగ్గుతాయి, పూర్తిగా దించితే ఆగిపోతాయి. నిమిషానికి ఎన్ని చుక్కలు కావాలో ఆయన అడిగితే ఆవిడ చేతి గడియారం చూస్తూ సరిచేసి పెట్టేది. అలా వచ్చింది ఆ పేరు. చూసినవాళ్ళు "ఇనుముకి సెలైన్ ఎక్కిస్తున్నాడు" అని నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు కానీ సీసా మాత్రం తీసేవాడు కాదు.

ఇవాళ ఆ సీసాతో నిజంగా పని పడింది.

స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క ఒక్కటే ఉంది. పాత నీళ్ళ మోటారు ఇరుసు, జానెడు పొడవు. కడ్డీని బిగించి తిప్పే చక్‌లో పట్టడానికి పోయే భాగం తీసేస్తే సరిగ్గా ఒక్క బోల్టుకే వస్తుంది. మామూలు ఇనుప కడ్డీలు మూలన చాలా ఉన్నాయి కానీ, మోకాలి బరువుకి అవి వంగిపోతాయి. ఇనుప సామాన్ల కొట్లకి ఇవాళ వారపు సెలవు. తప్పు పోతే రెండోది లేదు.

పైగా ఆ స్టీలుది వేరే బుద్ధి. నూనె తడి ఉన్నంతసేపూ తెగుతుంది. తడి ఆరి టూలు దాని మీద రుద్దుకుంటే చాలు, క్షణాల్లో పైపొర రాయిలా గట్టిపడుతుంది. ఆ తర్వాత టూలు దాని మీద జారుతుందే కానీ దిగదు. డబ్బాలో దాచిన పాడు ముక్కల్లో సగం ఆ పాఠానివే.

పన్నెండయ్యేసరికి బోల్టు కాండం నునుపుగా తయారైంది. వెర్నియర్ కొలబద్దతో మూడుచోట్ల కొలిచాడు. కీలులో దూర్చి చూశాడు, బిగుతుగా, ఊగకుండా కూర్చుంది. ఇంక మిగిలింది చివరన అంగుళం పొడవు మరలు. పాత నట్టే దానికి ఎక్కాలి. మరల లోతు, టూలుని లోపలికి దించే మిషను చక్రం మీద లెక్కపెడితే, అరవై గీతలు. ఒకేసారి దిగడానికి లేదు. పొరలు పొరలుగా, అదే గాడిలో మళ్ళీ మళ్ళీ కోసుకుంటూ వెళ్ళాలి.

గోడ అవతల గదిలో అమ్మాయి పాఠం వల్లె వేసుకుంటోంది. "ఒక రొట్టెని నాలుగు సమాన భాగాలు చేశాం అనుకోండి. అందులో ఒక భాగాన్ని ఏమంటాం? చెయ్యెత్తి చెప్పాలి..." ఎదురుగా పిల్లలు కూర్చున్నట్టే ఆగి, మళ్ళీ మొదలుపెడుతోంది.

ఆమె తండ్రి షెడ్డు గుమ్మం వదల్లేదు. బట్టల కొట్టులో సేల్స్‌మన్. నోరు ఆడితేనే ఇల్లు గడిచే ఉద్యోగం కాబట్టి, భయం వేసినా ఆయన నోరే ముందు పని చేస్తుంది.

"బావా, ఇంకా ఎంతసేపు?"

మేస్త్రి మరలు కోసే టూలు బిగించే పనిలో ఉన్నాడు.

"అది కాదు బావా, ఆ టూలు కొంచెం గట్టిగా నొక్కితే ఒకేసారి తెగదూ? ఏదో కొబ్బరి తురిమినట్టు సుతారంగా..."

"తమ్ముడూ, కొట్టులో చీర మడత ఎలా పెట్టాలో మీ బావ నీకెప్పుడైనా చెప్పారా?" అంది అక్క, గుమ్మం దగ్గరికి వస్తూ.

"చెప్పలేదు."

"మరి?"

తమ్ముడు చేతి గడియారం చూసుకుంటూ గుమ్మానికి ఆనుకున్నాడు.

మేస్త్రి సాధారణంగా షెడ్డులోకి ఎవర్నీ రానివ్వడు. ఇవాళ తానే పిలిచాడు. "సిస్టరమ్మా, ఇలా రా." వీధి వీధంతా ఆవిడని అలాగే పిలుస్తుంది. ఆయనకీ అలవాటైపోయింది. "ఈ స్టీలుకి వాడే గంధకం కలిపిన నూనె అడుగంటింది, సీసాలో పోసింది పోగా డబ్బాలో ఈ కాస్తే ఉంది. నా కళ్ళు టూలు మీద ఉంటాయి. నువ్వు సీసా మీద కన్నేసి ఉంచు. అయిపోవస్తుంటే పొయ్యి."

"సరేనండీ. నిమిషానికి ఎన్ని?"

"నలభై పెట్టు."

ఆవిడ గడియారం చూసుకుంటూ చక్రం తిప్పింది. మొదటి చుక్క స్టీలు మీద పడి పాకింది. ఆయన మిషను ఆన్ చేశాడు.

మొదటి విడత పది గీతలు. తర్వాత ఎనిమిది. తర్వాత ఏడు. సన్నటి పొట్టు మెలికలు తిరుగుతూ, పొగ లేకుండా, నూనెలో మెరుస్తూ వచ్చింది. ప్రతి విడత చివరా టూలు వెనక్కి లాగి, మిషను వెనక్కి తిప్పి, మొదటికొచ్చి, మళ్ళీ దిగాడు. ఆరు. తర్వాత నాలుగు. ముప్పై అయిదు గీతలు పూర్తయ్యాయి.

"బావా, పన్నెండూ పదిహేను!"

ఆ మాట చెవిలో పడ్డప్పుడే ఆయన చెయ్యి జంకింది. నాలుగు గీతలు దిగాల్సినవాడు మూడే దిగాడు. ఎందుకైనా మంచిదని. ఈ స్టీలు దగ్గర ఆ జాగ్రత్త పనికిరాదని, తక్కువ దిగితే టూలు కొయ్యకుండా రుద్దుకుంటుందని ఆయనకి తెలుసు. తెలిసీ దిగాడు.

సరిగ్గా అప్పుడే సీసాలో నూనె మెడ దగ్గరికొచ్చింది. ఆవిడ చూసింది. నూనె డబ్బా అందుకుంది. ఎడం చేతి బొటనవేలు మాత్రం తనంత తానే గొట్టం మీదికెళ్ళి చక్రాన్ని చివరిదాకా దించేసింది. ఆసుపత్రిలో సీసా మెడ దాకా దిగితే నర్సు మొదట చేసే పని అదే. ముందు చక్రం మూయాలి, ఆ తర్వాతే సీసా మార్చాలి. గాలి బుడగ రక్తంలోకి పోకూడదు. ముప్పయ్యొక్క ఏళ్ళు కొన్ని వేలసార్లు చేసిన పని. ఇందులో ఆలోచన అనేదే లేదు.

టూలు గాడి మధ్యలో ఉంది. తడి ఆరింది.

ముందు మిషను ధ్వని సన్నబడింది. తర్వాత కీచుమంది. ఆయన ఒక చేత్తో టూలు వెనక్కి లాగుతూ రెండో చేత్తో మిషను ఆపాడు. గోడ అవతల "మూడు భాగాల్ని..." అన్న గొంతు అక్కడే ఆగిపోయింది.

ఆయన తల పైకెత్తి సీసా చూశాడు, ఆ తర్వాత చక్రం చూశాడు. చక్రం మీద ఆవిడ బొటనవేలు ఇంకా ఉంది.

"నేనే మూశాను," అంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "నూనె పోద్దామని... నేనే మూశానండీ."

"అక్కా! ఎంత పని చేశావే!" అన్నాడు తమ్ముడు. "ఒక్క ముక్కే ఉందని చెప్పాడు కదా బావ! ఇంక కర్రలే గతి దానికి..."

"నువ్వు ఊరుకో," అన్నాడు మేస్త్రి. గొంతు పెంచలేదు. "ఆవిడ మూసింది. నేను మూడు గీతలే దిగాను. నాలుగో, అయిదో దిగి ఉంటే మొన కిందికి పోయి కొంతైనా తట్టుకునేది. ఇద్దరం కలిసే చేశాం. నువ్వు అరిచి టైము చెప్పావు కాబట్టి ముగ్గురం."

తమ్ముడు చేతి గడియారాన్ని చొక్కా చేతి కిందికి తోసేశాడు.

మేస్త్రి భూతద్దం పెట్టి చూశాడు. టూలు మొన విరిగింది. గాడిలో సగం నుంచి అద్దంలా మెరుపు. ఆ మెరుపే గట్టిపడ్డ పొర. లోతు చక్రం చూశాడు. ముప్పై ఎనిమిది. ఇంకా ఇరవై రెండు గీతలు మిగిలాయి. ఆ ఇరవై రెండింట్లోనే ఈ పొర కిందికి దిగి, దాన్ని అడుగునుంచి ఎత్తేయాలి. కొంచెం కొంచెంగా దిగితే మళ్ళీ రుద్దుకుంటుంది, మళ్ళీ గట్టిపడుతుంది. ఎక్కువ దిగితే మరలు చిరిగిపోతాయి. మూడు విడతలు, అంతకన్నా ఎక్కువ కుదరదు. మొదటిదానికి ఎనిమిది.

టూలు విప్పి సానరాయి దగ్గరికి వెళ్ళాడు. తొందరపడితే మొన కాలి నీలంగా మారి మెత్తబడుతుంది. అందుకే రాయికి తాకించడం, నీళ్ళలో ముంచడం, మళ్ళీ తాకించడం. తాకించిన ప్రతిసారీ మొన కోణం చూసే గేజి పెట్టి వెలుతురులో చూడడం. పన్నెండూ ముప్పై అయిదు. టూలు మళ్ళీ బిగించి, పాత గాడిలో మొన సరిగ్గా కూర్చునేదాకా వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరిపాడు.

"బామ్మర్దీ, టార్చి పట్టుకో. టూలు మీద వెయ్యి. ఊపిరి తీసుకో, మాట్లాడకు."

"అలాగే బావా."

ఆవిడ అప్పటికే షెడ్డులోంచి మాయమై తిరిగొచ్చింది. చేతిలో లావుపాటి సిరంజి ఉంది. సూది మొన విరిచేసి, మొద్దు చేసి తెచ్చింది. డబ్బాలో మిగిలిన నూనంతా అందులోకి లాగింది.

"సీసా వద్దండీ. ఆ చక్రం మీద నా వేలిని నేనే నమ్మను. ఇది వేలితో తోస్తేనే నూనె వస్తుంది. తొయ్యడం నేనెప్పుడూ మధ్యలో ఆపలేదు, మందు మొత్తం లోపలికి వెళ్ళేదాకా."

ఆయన ఆవిడ చెయ్యి చూశాడు. అది ఒణకడం లేదు. మొహం తెల్లగానే ఉంది, చెయ్యి మాత్రం రాయిలా ఉంది.

"మోచెయ్యి బల్ల మీద ఆన్చు. కొంగు వెనక్కి దోపు. సూది టూలుకి పైనుంచి, చక్‌కి ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా. నేను వద్దనేదాకా ఆపకు."

"ఊఁ."

ఎనిమిది గీతలు దిగాడు. మిషను తిరిగింది.

మొన మెరుపు దగ్గరికి వచ్చింది. ధ్వని బరువెక్కింది. మిషను మూలిగినట్టుంది. ఆయన అరచెయ్యి మిషను పిడి మీదే ఉంది, లోపలి అదురు చేతికి తెలుస్తోంది. నూనె చుక్క వెనక చుక్క, తెగని దారంలా, సరిగ్గా మొన మీదికే దిగుతోంది. మిషను ఒక్క క్షణం తడబడింది. తర్వాత మందపాటి పొట్టు చుట్ట, అడుగున మెరుస్తూ, పైకి లేచింది. పొర కిందికి దిగింది టూలు.

విడత పూర్తయింది. ఏడు గీతలు. మళ్ళీ ఏడు. సిరంజిలో ఆఖరి బొట్టు ఆఖరి మర మీద పడింది. ఆయన మిషను ఆపాడు.

కుంచెతో పొట్టు దులిపి, నట్టు తీసి వేళ్ళతో ఎక్కించాడు. ఒక చుట్టు. రెండు. మూడు. నాలుగో చుట్టు దగ్గర పట్టేసింది.

"బిగించు బావా, స్పానరు పెట్టి..." అనబోయి తమ్ముడు తనే నాలుక కరుచుకున్నాడు.

ఆయన నట్టు వెనక్కి తీశాడు. బలవంతం చేస్తే ఇంతసేపటి పనీ ఒక్క పట్టులో పోతుంది. భూతద్దం కింద వెతికితే, నాలుగో మర అంచున వెంట్రుకంత గరుకు ఉంది. త్రికోణపు ఆకురాయి తీసి మూడుసార్లు, ఒకే వైపు, దువ్వెనతో దువ్వినట్టు లాగాడు. తుడిచాడు. మళ్ళీ ఎక్కించాడు. నాలుగు. అయిదు. చివరిదాకా వేళ్ళతోనే వెళ్ళింది.

అప్పుడు ఒంటిగంట కావడానికి ఆరు నిమిషాలుంది.

ముక్క కోసి, తల గుండ్రంగా రుద్ది, కీలులో దూర్చి బిగించేసరికి ఒంటిగంట దాటి ఎనిమిది నిమిషాలైంది. అమ్మాయి కాలు తొడుక్కుని లేచి నిలబడింది. ఆయన నేల మీద గొంతుకూర్చుని మోకాలి దగ్గర చెవి పెట్టాడు.

"నడువు అమ్మడూ."

నడిచింది. గది ఆ చివరికీ ఈ చివరికీ. చప్పుడు లేదు.

"ఇప్పుడు వంగు."

ఆమె అర్థం కానట్టు చూసింది. ఆయన బల్ల మీది సుద్దముక్క తీసి నేల మీద పడేశాడు. అమ్మాయి బోల్టు ఉన్న మోకాలు మడిచి, దేన్నీ ఆసరాగా పట్టుకోకుండా వంగి, సుద్దముక్క తీసుకుని లేచింది.

"మామయ్యా, కాలంతా గంధకం వాసన," అంది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"పిల్లలు ముక్కు మూసుకుంటే భిన్నాలు ఇంకా బాగా వింటారు. బయల్దేరండి. ఈ బోల్టు పాతదాని కంటే గట్టిదే, కానీ కంపెనీది రాగానే మార్పించుకో. ఈలోగా మెట్ల మీంచి గెంతకు."

బండి మలుపు తిరిగాక భార్యాభర్తలిద్దరూ మళ్ళీ షెడ్డులోకి వచ్చారు. ఆవిడ నేల మీద నూనె తుడుస్తూ కూర్చుంది. ఆయన సీసా దించి, గొట్టం మీది చిన్న చక్రాన్ని విప్పి, వెలుతురుకి పెట్టి చూశాడు. తర్వాత అది జారే గాడి అడుగున, చివర్లో, ఇందాకటి ఆకురాయితోనే సన్నటి గంటు కోయసాగాడు.

నాలుగున్నరకి ఫోను మోగింది. తమ్ముడు. మామూలుగా అయితే ఫోను ఎత్తగానే మాటల వర్షం కురుస్తుంది. ఇవాళ నాలుగే ముక్కలు చెప్పాడు.

"నలభై నిమిషాలు నిలబడింది బావా. ఒక పిల్లాడి పెన్సిలు పడితే తనే వంగి తీసిచ్చింది. ఫలితం రేపు చెబుతారట." అన్నాడు. "అక్కకి కూడా చెప్పు."

చెప్పాడు. ఆవిడ తల ఊపింది. గుడ్డ పిండి, లేచొచ్చి, ఆయన చేతిలో గొట్టం వైపు చూసింది.

"ఏం చేస్తున్నారు దాన్ని?"

ఆయన చక్రం మళ్ళీ బిగించి, సీసాలో చెంచాడు మామూలు నూనె పోసి, గొట్టం ఆవిడ చేతికిచ్చాడు. "ముయ్యి."

ఆవిడ బొటనవేలు పెట్టి చక్రాన్ని చివరిదాకా దించేసింది. గడియారం చూస్తూ ఇద్దరూ నిలబడ్డారు. పూర్తిగా మూసినా రాగి గొట్టం చివర ఒక చుక్క ఊరింది, వేలాడింది, పడింది. తర్వాత ఇంకొకటి.

"నిమిషానికి పన్నెండు," అంది ఆవిడ.

"చాలు," అన్నాడు ఆయన.